గోడ పగుల్లో బిళ్ళగన్నేరు

సైదాబాద్‌లో మేం అద్దెకుండే ఇంటి ప్రహరీ పగుల్లో ఒక బిళ్ళగన్నేరు ఉంది. ఎవరూ నాటలేదు. గింజ ఎక్కడ రాలితే అక్కడ మొలిచే రకం. ఎండ ఉంటే చాలు. నీళ్లు నిలిస్తే మాత్రం వేరు కుళ్లిపోతుంది.

తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలాక మందుల చీటీలో విన్‌క్రిస్టిన్ అనే పేరు చూశాను. అదేంటని వెతుక్కుంటూ పోతే మా గోడ దగ్గరికే వచ్చి ఆగాను. ఆ మందు ఈ మొక్కదే! దీని పుట్టిల్లు మడగాస్కర్. 1759లో లిన్నేయస్ వింకా రోజియా అని పేరు పెట్టాడు. తర్వాతి వాళ్లు కేథరాంథస్ రోజియస్ అని మార్చారు. పాత పేరు మందులో మిగిలిపోయింది.

ఈ సంగతి అమ్మకి చెప్పడమే నా తప్పు. మర్నాడు పొద్దున్నే గుప్పెడు ఆకులు కోసి రోట్లో వేసింది.

"అదే ఆకు కదరా, నూరి తాపితే పోదా?"

"విషం అమ్మా! క్వింటాళ్ల ఎండుటాకు నుంచి గ్రాముల్లో తీస్తారు ఆ మందుని. ఆకులో ఇంకా వందకు పైగా ఆల్కలాయిడ్లుంటాయి."

గట్టిగానే అరిచాను. ఆమె ఏమీ అనకుండా రోలు కడిగేసింది.

సూది నర్సుది, చీటీ డాక్టర్‌ది, పరుగులు నావి. అమ్మ చేతికి అన్నాళ్లూ ఏ పనీ లేదు. దొరికిన ఆ ఒక్కటీ నేను లాక్కున్నాను.

మందు వల్ల తమ్ముడి వేళ్లు తిమ్మిరెక్కాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. ఇప్పుడు రోజూ అమ్మే పెడుతుంది. ఆ తర్వాత బియ్యం కడిగిన నీళ్లు తీసుకెళ్లి గోడ పగుల్లో పోస్తుంది.

ఎక్కువ పోస్తే కుళ్లుతుందని చెప్పబోయి, ఊరుకుంటాను.