చెవిలో పెట్టుకునేదానికి చిరునామా ఎందుకు?

మా అబ్బాజాన్ తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేశారు. నంద్యాల చుట్టుపక్కల పల్లెలలో సైకిలు మీద తిరిగి ఉత్తరాలు పంచేవారు. కార్డు ముక్కకు కవరు ఉండదు. చేతిలో పట్టుకుంటే చాలు, అక్షరాలు వాటంతటవే కంట పడతాయి. అయినా చిరునామా ఉన్న వైపు తప్ప రెండో వైపు ఆయన తిప్పేవారు కారు. చదువురాని వారు ‘కాస్త చదివి పెట్టండి సాయిబూ’ అని అడిగితేనే అరుగు మీద కూర్చుని చదివేవారు. ఏ ఇంట్లో ఎవరికి సుస్తీ చేసిందో, ఏ ఇంటి అల్లుడు గల్ఫ్ నుంచి డబ్బు పంపడం మానేశాడో ఆయనకు తెలుసు. మా అమ్మీకి మాత్రం చివరిదాకా తెలియదు.

ఇప్పుడాయనకు 78 ఏళ్లు. శుక్లాల ఆపరేషన్ తరువాత కూడా చూపు మునుపటిలా లేదు. తహజ్జుద్ వేళకు లేచి, ఫజ్ర్ అజాన్ అయ్యేవరకు దివ్యఖుర్ఆన్ పారాయణాన్ని, దాని తెలుగు అనువాదాన్ని ఫోనులో వింటారు. మాది రెండు గదుల ఇల్లు. అర్ధరాత్రి దాకా చదువుకుని పడుకున్న పిల్లలు పక్కనే ఉంటారు. శబ్దం తగ్గిస్తే ఆయనకు వినపడదు, పెంచితే పిల్లలు లేస్తారు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్ కొనిచ్చాము. రెండో వారంలోనే ఆ వైరు చేతికర్రకు చుట్టుకుని ఫోను నేలపాలైంది. ఆ విధంగా వైరు లేని ఇయర్‌బడ్స్ కొనవలసి వచ్చింది.

డబ్బా విప్పగానే మూత మీద ఒక క్యూఆర్ కోడ్, దాని కింద ముందుగా యాప్ దించుకోవాలన్న ఆదేశం. దించుకున్నాము. అది ఫోను నంబరు అడిగింది, ఈమెయిల్ అడిగింది, పుట్టినతేదీ అడిగింది. ఆపై మేమున్న స్థలం తెలుసుకోవడానికి, కాంటాక్టులు చూడడానికి అనుమతి అడిగింది. ప్రతిదానినీ అబ్బాజాన్‌కు చదివి వినిపిస్తూ పోయాము.

“చెవిలో పెట్టుకునేదానికి నా చిరునామా ఎందుకు బేటా?” అన్నారాయన.

“అందరూ ఓకే నొక్కేస్తారు అబ్బా, లేకపోతే పనిచేయదు” అన్నాము.

“సరే, నా సంగతి నేను ఇచ్చుకుంటాను. ఫోనులో నంబర్లున్నాయే, అవి నావా? మీ ఖాలాది ఉంది, కోడలి చెల్లెళ్లవి ఉన్నాయి, మదర్సాలో చెప్పే ఆపాది ఉంది. వాళ్లను అడిగావా?”

మా దగ్గర జవాబు లేదు. ఇతరుల ఇంట్లోకి అడుగు పెట్టేముందు సలాము చెప్పి అనుమతి తీసుకోవాలని నూర్ సూరా నుంచి పిల్లలకు పాఠం చెప్పిన ఇల్లే మాది. ఆ వాకిలి ఫోనుకు కూడా ఉంటుందని మాకెన్నడూ తోచలేదు. యాప్ తీసేశాము.

డబ్బా విప్పిన సరుకు వాపసు తీసుకోమని దుకాణదారు తెగేసి చెప్పాడు. కానీ పక్కనే ఫోన్లు బాగుచేసే కుర్రవాడు మా వాదన విని నవ్వి, “దానికి యాప్ ఎందుకు భాయ్?” అంటూ డబ్బా మీది మీటను కాసేపు నొక్కి పట్టుకున్నాడు. ఫోను బ్లూటూత్ జాబితాలో ఇయర్‌బడ్స్ పేరు కనిపించింది. దాన్ని తాకగానే జత కుదిరింది.

అసలు విషయం ఇంతే. పాట గాని, పారాయణం గాని, ఫోను సంభాషణ గాని ఫోను నుంచి చెవికి చేరడానికి కావలసిన ఏర్పాటంతా బ్లూటూత్ ప్రమాణంలోనే ఉంది. ఏ కంపెనీ ఫోనుకైనా ఏ కంపెనీ ఇయర్‌బడ్స్ అయినా జతపడేది అందువల్లనే. యాప్ చేసేవి వేరే పనులు: ధ్వనిలో హెచ్చుతగ్గులు సవరించడం, ఏ స్పర్శకు ఏ పని జరగాలో మార్చడం, పోయిన బడ్‌ను వెతకడం, లోపలి సాఫ్ట్‌వేర్‌ను నవీకరించడం. స్థలం అడిగే యాప్‌లన్నీ దురుద్దేశంతోనే అడుగుతాయని కూడా అనలేము. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను యాప్ వెతకాలంటే స్థలం అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి అందుకు వేరే అనుమతి పెట్టారు. కాంటాక్టులకు మాత్రం మాకు ఏ సాకూ కనబడలేదు.

ఇదంతా అనవసర భయమని మా బంధువొకరు కొట్టిపారేశారు. ఆయనకు మేము చెప్పిన ఉదంతం అమెరికాది. 2017 ఏప్రిల్‌లో చికాగోలోని ఫెడరల్ న్యాయస్థానంలో బోస్ కంపెనీపై ఒక వినియోగదారు దావా వేశాడు. హెడ్‌ఫోన్లతో వాడే బోస్ కనెక్ట్ యాప్ తాను ఏమేమి విన్నానో నమోదు చేసి, ఆ వివరాలను వేరే డేటా సంస్థకు పంపుతున్నదని అతని ఆరోపణ. కంపెనీ దానిని ఖండించింది. ఆ ఫిర్యాదులో ఇచ్చిన ఒక ఉదాహరణ మాత్రం మమ్మల్ని ఆపేసింది. ముస్లిముల ప్రార్థనలను హెడ్‌ఫోన్లలో వినే వ్యక్తి బహుశా ముస్లిమే అయి ఉంటాడని, అంటే వినికిడి జాబితాను బట్టే మనిషి మతం చెప్పవచ్చని అందులో రాశారు. తెల్లవారుజామున నాలుగింటికి అబ్బాజాన్ వినేది కూడా అదే. బంధువు ఆ తరువాత మాట్లాడలేదు, ఒప్పుకోనూ లేదు.

మొదటి జత ధ్వని విషయంలో బాగానే ఉండేది గాని, దాని స్పర్శే మాకు తలనొప్పి అయింది. అబ్బాజాన్ టోపీ సర్దుకుంటే పారాయణం ఆగిపోయేది. చెవి గోక్కుంటే చివరిసారి మాట్లాడిన నంబరుకు ఫోను వెళ్లేది. ఒక తెల్లవారుజామున బెంగళూరులోని మా అక్క కంగారుగా లేచి, “అబ్బాకు ఏమైంది?” అని ఏడ్చినంత పని చేసింది. స్పర్శను ఆపాలంటే యాప్ కావాలి. ఆ జతను మా అబ్బాయికి ఇచ్చి, రెండోది కొనడానికి బయలుదేరాము.

ఈసారి ఆత్రపడలేదు. దుకాణంలోనే ఫోను డేటా ఆపివేసి, విప్పి ఉన్న నమూనాతో జత చేసి చూపమన్నాము. దుకాణం కుర్రవాడు వింతగా చూశాడు గాని, చేశాడు. పారాయణం పెట్టి విన్నాము, అమ్మీకి ఫోను చేసి మాట్లాడాము, బయటి చప్పుడును తగ్గించే ఏర్పాటు మీటతోనే మారుతున్నదా అని చూశాము. ఒక రకంలో అది మారలేదు, పక్కన పెట్టేశాము. స్పర్శకు బదులు వేలికి తెలిసేలా నొక్కే మీట ఉన్నదే కావాలన్నాము. ముసలి వేళ్లకు అదే అనువు. మీటల వివరమంతా డబ్బాలోని కాగితం మీదే అచ్చై ఉన్నదా అని కూడా చూశాము. 1,400 రూపాయలకు దొరికింది. బాస్ ఎక్కువ, అందం తక్కువ. పారాయణానికి బాస్‌తో పనేముంది?

ఇంటికి వచ్చాక మేమిద్దరమూ ఒక రాత్రంతా వాదించుకున్న విషయం ఒకటుంది. యాప్ వద్దనుకుంటే నవీకరణలు కూడా రావు. 2025 జూన్‌లో ఈఆర్‌ఎన్‌డబ్ల్యూ అనే జర్మన్ సంస్థ పరిశోధకులు, పేరున్న ఎన్నో కంపెనీలు వాడే ఐరోహా బ్లూటూత్ చిప్‌లలో లోపాలున్నాయని వెల్లడించారు. బ్లూటూత్ అందేంత దగ్గరలో ఉన్న నేర్పరి, జత చేసుకోకుండానే వాటిలోకి చొరబడగలడని తేలింది. అలాంటి లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ చాలావరకు యాప్ ద్వారానే వస్తుంది. తలుపు మూస్తే వైద్యుడూ రాలేడన్నమాట. చివరకు బీరువాలో పడి ఉన్న పాత ఫోనును తీసి, అంతా తుడిచేసి, సిమ్ గాని కాంటాక్టులు గాని లేకుండా దానిలో యాప్ వేశాము. అదృష్టవశాత్తు ఖాతా తెరవమని పట్టుబట్టలేదు. నవీకరించి యాప్ తీసేశాము. ఆరు నెలలకొకసారి ఇలా చేయాలని అనుకున్నాము. మాటకు నిలబడతామో లేదో చూడాలి. గాడ్జెట్‌బ్రిడ్జ్ అనే ఉచిత యాప్ ఒకటుంది. ఇంటర్నెట్ అనుమతి లేకుండానే కొన్ని కంపెనీల ఇయర్‌బడ్స్ సెట్టింగులను మారుస్తుంది. మేము కొన్న రకం దాని జాబితాలో లేదు.

ఇంతలో పదహారేళ్ల మా అమ్మాయి ఫోనులో మరో ఇయర్‌బడ్స్ యాప్ దొరికింది. తిట్టబోయాము. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుందని, సమ్మతి కోరే నోటీసును తెలుగులో గాని ఉర్దూలో గాని చదువుకునే వీలు ఉండాలని చెప్పుకొచ్చాము. పూర్తిగా అమలుకు ఇంకా గడువున్నదని కూడా చెప్పాము. అంతా విని ఆమె, “మీ ఫోనులో నమాజు వేళల యాప్ ఏమేం తీసుకుంటోందో చూశారా అబ్బా?” అంది.

చూశాము. స్థలం: ఎల్లవేళలా. నాలుగేళ్ల క్రితం మేమే నొక్కిన ఓకే అది.

ముస్లిం ప్రో యాప్ వాడేవారి స్థల వివరాలు ఎక్స్-మోడ్ అనే సంస్థకు చేరాయని, ఆ సంస్థ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఆ వెంటనే ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్టు యాప్ వారు ప్రకటించారు. మాది ఆ యాప్ కాదు. కానీ ఆ వార్త ఆనాడే చదివి, అయ్యో అనుకుని, మా ఫోను తెరిచి చూసుకోని మాట నిజం. ఆ రోజు స్థలం అనుమతి తీసేసి, ఊరి పేరు చేత్తో నింపాము. నమాజు వేళలు ఎప్పటిలాగే చూపిస్తున్నది. అమ్మాయి తన యాప్‌ను తానే తీసేసింది, కాంటాక్టుల అనుమతి అందులో ముందునుంచీ లేదని మాకు చూపించి మరీ తీసింది.

అబ్బాజాన్ ఇప్పుడు కుడి చెవికి మాత్రమే పెట్టుకుంటున్నారు. ఎడమది డబ్బాలోనే ఉంటుంది. రెండూ పెట్టుకుంటే బాగా వినిపిస్తుంది కదా అంటే, అజాన్ వినడానికి ఒక చెవి ఖాళీగా ఉండాలంటారు.