సరుకు మనది, చోటు వారిది

కొన్న వస్తువుమీద కొన్నవాడికి పూర్తి హక్కు వుంటుందని అందరం నమ్ముతాం. పెట్టుబడిదారీ సమాజం ఆస్తిహక్కును సమర్థించుకునేది యీ నమ్మకంతోనే. అది యెంత బోలుదో తెలియాలంటే కొత్త లాప్‌టాప్ వొకటి తెరిచి చూస్తే చాలు.

బాపట్లలో పాఠాలు చెప్పుకునే నా దగ్గరికి రేపల్లె ప్రాంతపు విద్యార్థిని వొకామె కొత్త యంత్రం పట్టుకొచ్చింది. కౌలురైతైన తండ్రి అప్పుచేసి తెనాలిలో కొన్నాడు. తెరిచేసరికి ఆమె కోరనివి పదికిపైగా అందులో తిష్ఠవేసి వున్నాయి: నెల్లాళ్లు పనిచేసి ఆపైన సొమ్ము అడిగే యాంటీవైరస్, యెవరికీ అక్కరలేని ఆటలు, ఆన్‌లైన్ దుకాణాలకు లాక్కుపోయే గుర్తులు. చవకరకం యంత్రం గనుక మెమరీ తక్కువ. ఆ కొంచెంలోనూ వీటికి వాటా. వీటి అప్‌డేట్లకు ఖర్చయ్యే డేటాకు ఆ పిల్లే రీచార్జి కట్టాలి. వాటిని తొలగించడానికి మాకు వొక సాయంత్రం పట్టింది.

యిదంతా యెవరి లాభానికి? పోటీవల్ల చవక యంత్రాలమీద తయారీదారుకు మిగిలేది స్వల్పం. ఆ లోటు పూడ్చుకోవడానికి అతడు యంత్రంలోని చోటును సాఫ్ట్‌వేరు కంపెనీలకు అమ్ముకుంటాడు. మిగిలిన యంత్రాన్ని మనకు అమ్ముతాడు. అందువల్లనే ధర తగ్గిందని వాదించేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ తగ్గింపు యెంతో బిల్లులో కనబడదు, వద్దనే వీలూ వుండదు. యిష్టాయిష్టాలు అడగనిదాన్ని బేరమని యెట్లా అంటాం?

ఆ పిల్ల తండ్రికి యీ పద్ధతి కొత్త కాదు. యూరియా బస్తా కావాలంటే నానో యూరియా సీసా కూడా కొనాలనే వొత్తిడి రైతులకు తెలిసిందే. యీ అంటగట్టుడు ఆపించమని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయమంత్రి ముఖ్యమంత్రులకు లేఖ రాయవలసివచ్చింది. రైతుకు సీసా కంటికి కనబడుతుంది గనుక తగాదా పడతాడు. లాప్‌టాప్‌లో అంటగట్టినది కొన్నతరువాత గాని కనబడదు.

చెత్త లేకపోవడం కూడా సరుకే అయిన సందర్భం వున్నది. 2008లో సోనీ కంపెనీ కొన్ని వాయో యంత్రాలను శుభ్రంగా యివ్వడానికి యాభై డాలర్లు అదనంగా అడిగింది. గగ్గోలు పుట్టాక ఆ రుసుము యెత్తివేసింది. లెనోవో 2014లో తన యంత్రాల్లో చేర్చిన ‘సూపర్‌ఫిష్’ వ్యవహారం మరీ ఘోరం. వాణిజ్య ప్రకటనలు చొప్పించడంకోసం అది భద్రమైన వెబ్‌సైట్లకూ వినియోగదారుకూ నడుమ దూరి కూర్చున్నది. అన్ని యంత్రాలకూ వొకే రహస్యపు తాళంచెవి వాడటంవల్ల దొంగలకు కూడా దారి యేర్పడింది. 2017లో ఆ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడవలసివచ్చింది.

మన దేశంలో యిటువంటి తగాదాయే ఫోన్ల విషయంలో నడిచింది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, ముందే యెక్కించిన ఆ కంపెనీ యాప్‌లను తొలగించుకునే వీలివ్వాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది, తొలగింపు ఆదేశాన్ని మాత్రం కొట్టివేసింది. కొన్నవాడికి కావలసింది ఆ రెండవదే.

విద్యార్థులకు యంత్రం శుభ్రం చేసుకోవడం నేర్పాలి. స్వేచ్ఛ సంస్థ తెలుగులో రూపొందించిన ఆపరేటింగ్ సిస్టమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పరిచయం చేయాలి. కాని యెవరి గది వారు వూడ్చుకుంటే వీధిలో చెత్త పోసేవాడికి వచ్చే నష్టం లేదు. యేమేమి యెక్కించారో అమ్మకానికి ముందే జాబితా యివ్వాలనీ, అన్నిటినీ తొలగించే వీలుండాలనీ చట్టంకోసం పట్టుబట్టాలి. కళాశాలలు, ప్రభుత్వాలు వందలకొద్దీ యంత్రాలు కొనేటప్పుడు టెండరులోనే యీ షరతు రాయించాలి. విద్యార్థి, అధ్యాపక సంఘాలు కలిసి అడిగితే యిది సాధ్యమే. కౌలురైతు చేసిన అప్పులో యే కంపెనీ ప్రకటనకూ వాటా వుండకూడదు.