చర్లపల్లిలో ఒక పూట

హైదరాబాదుకు తూర్పున, నాచారం దాటి మల్లాపూర్ మీదుగా పోతే చర్లపల్లి వస్తుంది. చాలా ఏళ్ళపాటు మా నగరంలో ఆ ఊరి పేరుకు ఒకటే అర్థం ఉండేది. “ఫలానావాణ్ణి చర్లపల్లి పంపించారట” అంటే, విన్నవాడు “అయ్యో!” అని, ఎన్నాళ్ళకు పంపించారని మాత్రం అడిగేవాడు. అక్కడ కేంద్ర కారాగారం ఉంది మరి!

అందుకే 2025 సంక్రాంతికి ముందు, “అమ్మా, నిన్ను చర్లపల్లిలో దింపుతాను” అనగానే మా అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, “నేనేం నేరం చేశానురా?” అంది.

నేరం కాదు, రైలు. ఆ జనవరి 6వ తేదీనే ప్రధానమంత్రి ఢిల్లీ నుంచి చర్లపల్లి కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. ఖర్చు సుమారు 413 కోట్ల రూపాయలు. సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషన్లు ఇక బండ్లను మోయలేని స్థితికి వచ్చాయి. అందువల్ల కొన్ని బండ్లను అక్కడి నుంచి తప్పించి, నగరం అంచుకు మళ్ళించారు. నిజానికి ఈ దారి కొత్తది కాదు. నిజాం రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చి, ఆపైన కాజీపేట మీదుగా సాగి 1889లో బెజవాడ చేరింది. మౌలాలికీ ఘట్‌కేసరుకూ మధ్య ఎప్పటినుంచో ఉన్న చిన్న స్టేషను, ఇప్పుడు ఎస్కలేటర్లతో, లిఫ్టులతో పెళ్ళివారి విడిదిలా మెరిసిపోతోంది.

నర్సాపురం వెళ్ళే పండుగ స్పెషల్లో మాకు ఒకే ఒక్క బెర్తు దొరికింది. అమ్మ ఊళ్ళో లేకుండా ఆ ఇంట్లో సంక్రాంతి ముగ్గు పడకపోవడమనేది ఇంతవరకూ లేదు. అందుచేత ఆ బెర్తు ఆమెకిచ్చి మేము ఉండిపోయాం. కొత్తలో స్టేషనుకు చేరే దారులు మరీ ఇరుకు. ఫోను “కుడివైపు తిరగండి” అంటే కుడికీ, “ఎడమవైపు తిరగండి” అంటే ఎడమకీ తిరిగి, ఒక గోడౌను వెనక తేలి, ఎలాగో ప్లాట్‌ఫారం చేరాం. బండి నలభై నిమిషాలు ఆలస్యం.

అమ్మ బల్ల మీద కూర్చుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను “ఊఁ” కొడుతూ ఫోను చూస్తున్నాను. కాలేజీ బృందంలో ఎవరో సెలవుల గురించి తగవు పెట్టారు. భీమవరం వైపు కోడిపందాల బరులు ఎలా కట్టారో ఎవరో వీడియో పంపారు. అది కాగానే మరొకటి, అది కాగానే ఇంకొకటి. మధ్యలో అమ్మ “ఏమంటావు?” అన్నది మాత్రం వినిపించింది. “అలాగే అమ్మా, నీ ఇష్టం” అన్నాను. బండి వచ్చింది. సంచీ ఎక్కించాను. కిటికీ లోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, ఫోనున్న చేత్తోనే.

పది రోజుల తరవాత ఊరి నుంచి అమ్మ ఫోను చేసింది.

“ఎదురింటివాళ్ళ అబ్బాయి బజానా ఇచ్చాడురా.”

“దేనికి బజానా?”

“ఇంటికేరా! చర్లపల్లిలో అడిగితే అలాగే అన్నావుగా!”

నా గొంతులో తడి ఆరిపోయింది. నాన్నగారు కట్టిన ఇల్లు. నేను పుట్టిన గది, అక్క పెళ్ళికి పందిరి వేసిన వాకిలి, పెరట్లో రెండు కొబ్బరి చెట్లు. దాని అమ్మకానికి నేను ఒప్పుకున్నానట! ఎప్పుడు ఒప్పుకున్నానో నాకే తెలియదు. “వినలేదమ్మా” అనడానికి నోరు రాలేదు. “సరే” అన్నాను. ఒకే నెలలో అది రెండో సంతకం.

ఆ రాత్రి ఫోనులోనే ఉండే లెక్కల పుస్తకం తెరిచాను. మనం తెర ముందు ఎంతసేపు గడిపామో చెప్పే ఈ లెక్కను 2018లో ఫోన్ల సంస్థలే పెట్టాయి. సారా కొట్టువాడే గ్లాసులు లెక్కపెట్టి చెప్పినట్లన్నమాట! నా లెక్క రోజుకు అయిదు గంటల పది నిమిషాలు. పిల్లలకు పాఠం చెప్పే సమయం కంటె ఎక్కువ.

అప్పటినుంచి ఈ వస్తువు గురించి కొంత చదివాను. తెర అడుగుకు వెళ్ళేకొద్దీ కొత్తది దానంతటదే వచ్చిపడే ఏర్పాటును 2006లో అజా రాస్కిన్ అనే ఆయన తయారు చేశాడు. పుస్తకానికి పుట చివర ఉంటుంది, విస్తరికి అంచు ఉంటుంది. ఈయన అంచు లేని విస్తరి వేశాడు. తరవాత తానే బాధపడ్డాడు కూడా. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు సుమారు 800 మంది మీద పరీక్షలు జరిపి 2017లో ఒక సంగతి ప్రకటించారు. ఫోను మోగనక్కరలేదు, చూడనక్కరలేదు. బల్ల మీద పక్కన ఉంటే చాలు, చేస్తున్న పని మీద బుద్ధి కొంత తగ్గుతుందట. వేరే గదిలో పెట్టినవారే అందరికంటె బాగా చేశారట.

మరి మానెయ్యవచ్చు గదా? మానలేం. పిల్లల హాజరు ఫోనులో, బ్యాంకువాడు పంపే అంకెలు ఫోనులో, రైలు టిక్కెట్టు ఫోనులో. అసలు నాకు ఉపాయం చెప్పింది చర్లపల్లి టెర్మినలే. సికింద్రాబాదులో రద్దీ పెరిగితే రైల్వేవారు రైళ్ళను రద్దు చెయ్యలేదు, స్టేషనునూ మూసెయ్యలేదు. కొన్ని బండ్లను వేరేచోటికి పంపించారు. నా ఫోనూ సికింద్రాబాదు స్టేషను లాగే అయింది. గడియారం అందులోనే, అలారం అందులోనే, దీపం, కెమెరా, డైరీ, డబ్బుల సంచీ అన్నీ అందులోనే. టైము చూద్దామని తీసినవాడు అరగంటకు గాని పైకి తేలడు. తేలాక టైమెంతో చూడలేదని గుర్తొస్తుంది!

కాబట్టి బండ్లు మళ్ళించాను. చేతికి మళ్ళీ గడియారం కట్టాను. మంచం పక్కకు చిన్న అలారం గడియారం వచ్చింది. ఫోను రాత్రిళ్ళు హాల్లో నిద్రపోతుంది. పిలుపులకు, బ్యాంకు కబుర్లకు తప్ప మిగిలినవాటి గంటలన్నీ కట్టేశాను. తెర మీది రంగులు తీసేశాను. నలుపు తెలుపుల్లో కోడిపందెం అంత రక్తి కట్టదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామంవారు 2022లో ఒక కట్టుబాటు చేసుకున్నారు: సాయంకాలం 7 గంటలకు సైరను మోగితే గంటన్నర సేపు టీవీలూ ఫోన్లూ బంద్. మా ఇంట్లో సైరను లేదు గాని మా ఆవిడ ఉంది. మొదటి వారం ఖాళీ జేబు తడుముకుంటూ చుట్ట మానేసినవాడిలా తిరిగాను. రెండు నెలలకు అయిదు గంటలు రెండుంబావుకు దిగింది. అంతకంటె దిగలేదు. దిగిందని అబద్ధం చెప్పను.

వేసవిలో ఇల్లు రిజిస్ట్రేషను పూర్తయింది. అమ్మ సామాన్లతో సహా మా దగ్గరికి వచ్చేస్తోంది. బండి మళ్ళీ చర్లపల్లికే. ఆ పూట ఫోను ఇంట్లో వదిలేసి, బోగీ నంబరు కాగితం మీద రాసుకుని బయలుదేరాను.

స్టేషనులో విచారిస్తే బండి రెండు గంటలు ఆలస్యమన్నారు. ఇంకొకప్పుడైతే ఆ రెండు గంటలూ ఫోనులో కరిగిపోయేవి. ఇప్పుడేం చెయ్యాలో తోచక ఒక ఆటో మాట్లాడుకుని ఊరు చూడబోయాను. ఇన్నేళ్ళుగా పక్కనే ఉండీ చర్లపల్లిని చూడనే లేదని అప్పుడు తెలిసింది.

ఇటు పారిశ్రామికవాడ. గ్యాసు సిలిండర్లు నింపే కర్మాగారాలు, పెట్రోలు నిలవచేసే డిపోలు. లారీలు బారులు తీరి ఉన్నాయి. అటువంటి చోట్ల నిప్పురవ్వ పుట్టించే వస్తువేదీ లోపలికి రానివ్వరు. అగ్గిపెట్టె, బీడీకట్టతో పాటు సెల్‌ఫోను కూడా గేటు దగ్గర ఇచ్చి పోవలసిందే. “మా ఇంటో గిట్లనే గేటు పెడితే మంచిగుండు సార్” అన్నాడు ఆటో అబ్బాయి.

అటుకేసి పోతే కుషాయిగూడలో ఈసీఐఎల్. డాక్టర్ ఏ.ఎస్. రావుగారి పూనికతో 1967లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ. దాపులోని ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరిటిదే. 1969లో ఇక్కడివారు టీడీసీ-12 అనే కంప్యూటరు తయారు చేశారు. మనం ఓట్లు వేసే యంత్రాలను తయారు చేసే రెండు సంస్థల్లో ఇది ఒకటి. ఆ యంత్రానికి ఇంటర్నెట్టు ఉండదు, మరో యంత్రంతో ముచ్చటలుండవు. ఒక్క పని అప్పగిస్తే ఆ ఒక్కటే చేసి ఊరుకుంటుంది. జేబులోని దానికీ దీనికీ ఎంత తేడా!

ఇక జైలు. ఎత్తయిన గోడలు, ఆ పక్క ఖైదీలు సేద్యం చేసే పొలాలు. అక్కడా గేటు దగ్గర ఫోను వదలాల్సిందే. ఎంత పెద్దవాడైనా, చూడవచ్చిన బంధువైనా సరే.

తిరిగి స్టేషనుకు వచ్చి టీ తాగి ఇరవై రూపాయల కాగితం ఇస్తే, కొట్టువాడు దాన్ని పాత నాణెం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ, ఒళ్ళో ఖాళీ టిఫిను డబ్బా.

“సారూ, మా మనుమనికి ఒక ఫోన్ కలుపుతవా?” అంటూ నంబరు రాసిన చీటీ చాపింది.

“నా దగ్గర ఫోను లేదవ్వా.”

ఆమె నా బట్టలూ, చేతి గడియారమూ చూసి జాలిపడింది. “నువ్వు గూడ ములాకత్‌కే వచ్చినవా బిడ్డా?”

చర్లపల్లిలో ఫోను లేని మనిషి కనబడితే ఇంకేమనుకుంటారు? కాదని చెప్పి, అవతల నిలబడ్డ కుర్రవాణ్ణి అడిగి మాట్లాడించాను. చేతిలో ఫోను లేనివాడు పక్కవాడి చేతి మీద ఆధారపడతాడు. అదీ నిజమే, దాచడమెందుకు? ఆవిడది జనగామ వైపు పల్లె. చిన్న కొడుకు లోపల ఉన్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

“ఇంటికాడ ఉన్నప్పుడు వాడు ఫోన్ చూసుకుంట కూసుంటుండె, నేను నా పని చేసుకుంటుంటి. మాటనే లేకుండె” అంది. “గిప్పుడు లోపట ఉన్న కాసేపు వాని మొఖం తప్ప ఇంకోటి చూడ సారూ. వాడు గూడ అంతే. అన్ని ముచ్చట్లు గప్పుడే.”

బండి వస్తోందని మైకులో చెప్పారు. ఆమె తన రైలు కోసం లేచి వెళ్ళింది. నేను బోగీ దగ్గరికి పరుగెత్తాను.

రెండు సంచులు, ఒక ట్రంకు పెట్టె, చేతిలో ముగ్గుగిన్నె. అంతే మిగిలింది ఇల్లు. అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. జనవరిలో కూర్చున్నదీ అలాంటి బల్లే.

“అమ్మా, ఆరోజు నువ్వు చెప్పింది నేను వినలేదు” అన్నాను.

“నాకు తెలుసు” అంది. “నీ బొటనవేలు ఆడుతూనే ఉందిగా.”

“మరి?”

అమ్మ ముగ్గుగిన్నె ఒళ్ళో సర్దుకుంది. “వింటే వద్దంటావని, నువ్వు వినని వేళ చూసే అడిగానురా. నాన్న పోయి ఎనిమిదేళ్ళు. రాత్రి తలుపు గడియ పెడుతుంటే, రేపు తియ్యడానికి ఉంటానా అని భయం. ఆ మాట ఫోనులో చెప్పలేను. ఎదురుగా చెబుదామంటే నువ్వు ఎదురుగా ఉండవు.”

నేను ఏమీ అనలేదు. అనడానికి నాకేమీ మిగల్లేదు. ఆమె మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఇల్లు కొన్న అబ్బాయి కొబ్బరి చెట్లు కొట్టనని మాట ఇచ్చాడనీ, కొత్త కోడలికి తన చేత్తోనే ముగ్గు నేర్పి వచ్చాననీ, నాన్న పడక కుర్చీ అక్కకు పంపిందనీ. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. అన్నీ విన్నాను.

చివరికి లేస్తూ, “ఫోనేదిరా?” అంది.

“ఇంట్లో ఉంది.”

“మరి దారి?”

“అడుగుదాంలే అమ్మా.”

అమ్మ నవ్వి సంచీ ఒకటి నా చేతికిచ్చింది. ఆవేళ నా రెండు చేతులూ ఖాళీగానే ఉన్నాయి.