గుడ్లకీ ఒక క్యూ ఉండాలి

మా ఫ్లాట్‌లో ముగ్గురం. బియ్యం, పాలు, కరెంటు బిల్లు... వీటన్నిటికంటే ఎక్కువ మాటలు నడిచేది గుడ్ల గురించే. 30 గుడ్ల ట్రే తెచ్చుకుంటే చవక. ఆఫీసు నుంచి రాత్రి పదింటికొచ్చినా పది నిమిషాల్లో బుర్జీ రెడీ. వంట రానోడికి కూడా ఆమ్లెట్ వచ్చు.

ముగ్గురిలో ఒకడికి ఆ ట్రే మరీ ముఖ్యం. ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. ఇంట్లో డబ్బులడగడం ఇష్టం లేదు. రాత్రిపూట వాడి భోజనం రెండు గుడ్లు, కాస్త అన్నం. సంక్రాంతికి ఊరెళ్తూ ఇంకో రూమ్మేట్ ఫ్రిజ్ శుభ్రం చేశాడు. ట్రేలో మిగిలిన పదకొండు గుడ్లూ చెత్తబుట్టలో వేసేశాడు. "ఎప్పటివో ఏంటో, రిస్క్ ఎందుకురా" అన్నాడు. "ఐదు రోజుల తిండిరా అది" అన్నాడు వీడు. అంతే, ఇంకేం అనలేదు. గొడవపడినా బాగుండేదేమో అనిపించింది నాకు.

పారేసినవాడిని అనడానికీ లేదు. అవి ఎప్పుడు కొన్నవో చెప్పే గుర్తు ఏదీ లేదు మరి. అందుకే గుడ్డు ఎలా పాతబడుతుందో చదవడం మొదలుపెట్టాను.

గుడ్డు పెంకు గోడలాంటిది కాదు, జల్లెడ లాంటిది. దానికి కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. వాటిలోంచి రోజూ కొంచెం తేమ, కొంచెం కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంటాయి. ఆ మేరకు లావు వైపున్న గాలి గది పెద్దదవుతుంది, తెల్లసొన పలచబడుతుంది. మా నాయనమ్మ గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల కదులుతున్న చప్పుడు వినిపిస్తే పక్కన పెట్టేది. ఆమె వింటున్నది ఈ మార్పునే.

చెవితో తేల్చుకోలేని మనకి గిన్నెడు నీళ్లు చాలు. గుడ్డు అడుగున పడుకుంటే తాజాది. అడుగునే నిలబడితే కాస్త పాతది, ఉడకబెట్టుకోండి. పాతదైతే పెంకు కూడా సులువుగా ఊడొస్తుంది. పైకి తేలితే బాగా పాతబడింది, వదిలేయండి. ఒక్కమాట: ఈ పరీక్ష వయసు చెబుతుందే తప్ప, లోపల సాల్మొనెల్లా ఉందో లేదో చెప్పదు. కాబట్టి విడిగా ఒక కప్పులో పగలగొట్టి, వాసన చూసి, బాగా ఉడికించి తినాలి. పగుళ్లున్నవి దాచొద్దు.

ఇక రీల్స్ గోల. ఒకరు ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారు, ఇంకొకరు పెట్టి తీరాలంటారు. అమెరికాలో గుడ్లని కడిగి అమ్ముతారు. కడిగితే పెంకు మీదుండే సహజమైన రక్షణ పొర పోతుంది, అందుకే అక్కడ ఫ్రిజ్ తప్పనిసరి. యూరప్‌లో మామూలుగా కడగరు, షాపుల్లో బయటే పెడతారు. మన ఎండలకి ఏ గుడ్డుకైనా ఫ్రిజ్జే మేలు. కాకపోతే ఒకసారి లోపల పెట్టాక అక్కడే ఉంచాలి. చల్లటి గుడ్డు బయటికొస్తే దానికి చెమట పడుతుంది. ఆ తడితో పాటు బ్యాక్టీరియా లోపలికి దూరే వీలుంటుంది. రెండు గంటలకి మించి బయట వదలొద్దు. తేగానే కడగడం కూడా వద్దు, మురికి ఉంటే పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఫ్రిజ్ కొన్నప్పుడు తలుపుకి గుడ్ల కోసమే గుంటల ట్రే ఇస్తారు కదా, గుడ్లకి అంతగా పనికిరాని చోటు అదే. తలుపు తెరిచిన ప్రతిసారీ అక్కడ వేడి మారుతుంది. లోపలి అరలో, మూత ఉన్న డబ్బాలో, సన్నటి కొన కిందికి ఉండేలా పెట్టండి. గాలి గది పైన ఉంటే పచ్చసొన మధ్యలో ఉంటుంది. మూత ఎందుకంటే, పక్కనున్న ఉల్లిపాయ ముక్కల వాసనా, ఎండుచేపల వాసనా ఆ రంధ్రాల్లోంచే లోపలికి పోతాయి.

అయితే మా ఇంట్లో అసలు సమస్య చల్లదనం కాదు, వరస. ఇంజినీరింగ్‌లో స్టాక్, క్యూ అని చదువుకున్నాం. స్టాక్‌లో చివర పెట్టింది ముందు బయటికొస్తుంది. క్యూలో ముందొచ్చింది ముందు పోతుంది, రేషన్ షాపు లైన్‌లాగా. పాత ట్రే మీద కొత్త ట్రే పెడితే అది స్టాక్. అడుగునున్నవి ఎప్పటికీ పైకి రావు. ఇప్పుడు మా దగ్గర ట్రే మీద పెన్సిల్‌తో తేదీ ఉంటుంది. పాతది ముందు, కొత్తది వెనక. రాసేది ఆ ఉద్యోగం వెతుక్కుంటున్నవాడే. సరిగ్గా ఉంచితే ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు వారాలు ఆగుతాయంటారు. షాపులో ఎండకి ఎన్ని రోజులున్నాయో తెలియదు కాబట్టి మేం మూడు వారాలకే ఆపేస్తున్నాం.

ఊరెళ్లే ముందు ఇంకా మిగిలాయా? ఉడకబెట్టి, పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. లేదా పగలగొట్టి, గిలకొట్టి, డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. పెంకుతో మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, పగిలిపోతాయి. ఈ రెండూ చేసే ఓపిక లేకపోతే, తేదీ చూసి చెప్పి మరీ వాచ్‌మన్ వాళ్లింట్లో ఇచ్చి బస్సెక్కండి.