ఆ గొంతుకో పేరుంది!

‘మాటే మంత్రము’ పాట తెలియనివాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా చెప్పండి! పెళ్లి క్యాసెట్ల కాలం నుంచి ఇవాళ్టి సెల్‌ఫోన్ వీడియోల దాకా, తాళి కట్టే ఘట్టం దగ్గర ఆ పాట మోగుతూనే ఉంది. పాడిందెవరంటే ఠక్కున బాలుగారి పేరు చెప్తాం. మరి ఆ ఆడగొంతు ఎవరిదంటే? అక్కడ నసుగుతాం. ఒకరు జానకమ్మ అంటారు, ఇంకొకరు సుశీలమ్మ అంటారు. కాదండీ, ఆవిడ ఎస్.పి.శైలజ. పేరు చెప్పగానే “ఓహో, బాలుగారి చెల్లెలు కదూ!” అనేసి ఊరుకుంటాం. ఆ మాటను ఇవాళ ఇంకాస్త ముందుకు నడిపిద్దామని నా ఆశ.

మాది గోదావరిఖని. ఎనభైల్లో నా చిన్నతనమంతా సింగరేణి క్వార్టర్లోనే గడిచింది. నాయన రాత్రి షిఫ్టు దిగి, పొద్దున బాయి నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని పడుకునేవాడు. ఉన్నవి రెండు గదులు. ఇక మధ్యాహ్నం దాకా గిన్నె చప్పుడు కూడా కాకూడదు. “సప్పుడు జెయ్యకు బిడ్డా, నాయన పండుకున్నడు” అనేది అమ్మ. రేడియో మాత్రం ఆపేది కాదు. బియ్యం ఏరుకుంటూ చెవి పక్కన సన్నగా పెట్టుకునేది. కొన్ని పాటలు గట్టిగా పెడితేగానీ రుచించవు. శైలజగారి పాట ఎంత సన్నగా పెట్టినా ప్రతి మాటా విడివిడిగా వినబడేది. అరుపు లేదు, హంగు లేదు. పక్కింటి పిల్ల గోడ అవతల నుంచి పలకరించినట్టు ఉండేది.

సుశీలమ్మ గొంతు తేనె. జానకమ్మ గొంతులో పసిపాప నుంచి ముసలమ్మ దాకా అందరూ ఉంటారు. వాళ్లతో పోటీ అని నేననడం లేదు. శైలజగారిది పులుసులో వేసిన బెల్లంముక్క లాంటి గొంతు. కంటికి కనబడదు. వెయ్యకపోతే మాత్రం మొదటి ముద్దకే తెలిసిపోతుంది!

ఓ నాలుగు సినిమాలు చెప్తాను, చూడండి. నాలుగూ ఏడిద నాగేశ్వరరావుగారి పూర్ణోదయా వాళ్లవే, నాలుగింటికీ సంగీతం ఇళయరాజాగారే.

మొదటిది 1981లో వచ్చిన ‘సీతాకోకచిలుక’. ‘మాటే మంత్రము’ అందులోదే. రెండోది 1983 నాటి ‘సాగర సంగమం’. అందులో ‘వేదం అణువణువున’ పాటలో అన్నగారితో గొంతు కలిపింది ఆవిడే. అంతేనా? తెరమీద ఆ పాటకు నాట్యం చేసిందీ ఆవిడే! జయప్రద కూతురిగా, కమలహాసన్ తన నాట్యంలో తప్పులెంచి పత్రికలో రాస్తే ఉడుక్కునే అమ్మాయిగా వేసింది శైలజగారే. సినిమా చూసినవాళ్లలో ఎంతమందికి ఆ పిల్లే ఈ గాయని అని తెలుసో! ఆ సినిమాకు బాలుగారికీ, ఇళయరాజాగారికీ జాతీయ అవార్డులు వచ్చాయి.

మూడోది 1984లో వంశీగారు తీసిన ‘సితార’. దానిలో ‘వెన్నెల్లో గోదారి అందం’ పాటకు జానకమ్మకు జాతీయ అవార్డు వచ్చింది. రావలసిందే, అంత గొప్ప పాట అది. అదే సినిమాలో ‘కిన్నెరసాని వచ్చిందమ్మా’ బాలుగారితో కలిసి పాడింది శైలజగారు. మా బొగ్గుగనుల వాళ్లకు ఆ పాటంటే ప్రత్యేకమైన మమకారం. కిన్నెరసాని మా సింగరేణి హెడ్డాఫీసున్న కొత్తగూడెం వైపు పారి గోదారిలో కలుస్తుంది కదా! విశ్వనాథవారి ‘కిన్నెరసాని పాటలు’ ప్రకారం అది అత్త పోరు పడలేక అడవికి వెళ్లి, వాగుగా కరిగిపోయిన కోడలు. ఆ కథ తెలిశాక ఆ పేరు శైలజగారి గొంతులో వింటే మనసు ఎలాగో అయిపోతుంది.

నాలుగోది 1986 నాటి ‘స్వాతిముత్యం’. అందులో సీతా స్వయంవరం హరికథ, ‘రామా కనవేమిరా’, గుర్తుంది కదూ? అదీ అన్నాచెల్లెళ్ల పాటే. వాళ్ల నాన్న సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. తండ్రి విద్యను పిల్లలిద్దరూ కలిసి పాడుతుంటే ఆ ముచ్చటే వేరు!

అటు తమిళంలో కూడా ‘జానీ’ సినిమాలో 1980లోనే పాడారావిడ. ఆ పాటను అక్కడివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. మరి మన దగ్గర? ముందు బాలుగారి చెల్లెలు, పెళ్లయ్యాక శుభలేఖ సుధాకర్‌గారి భార్య. చిత్రమేమిటంటే సుధాకర్‌గారికి ‘శుభలేఖ’ సినిమా పేరే ఇంటిపేరయింది. ఇన్ని పాటలు పాడిన ఈవిడకు మాత్రం ఒక్క పాట పేరూ అలా అతుక్కోలేదు.

“పాట బాగుంటే చాలు, పేరుతో పనేముంది?” అంటారా? నేనూ అలాగే అనేదాన్నేమో, మా అమ్మ సంగతి చూసి ఉండకపోతే. ముప్పై ఏళ్లు అమ్మ ఒకే కాలనీలో ఉంది. బతుకమ్మ ఆడితే ముందు ఎత్తుకునే గొంతు ఆమెదే, మిగతావాళ్లంతా అందుకునేవాళ్లు. అమ్మ పోయినప్పుడు కాలనీవాళ్లు ఎంతో ప్రేమగా ఫ్లెక్సీ వేయిద్దామని వచ్చి, “మీ అమ్మ పేరేంది బిడ్డా?” అని నన్నడిగారు. వాళ్లను ఏమనగలను? అందరికీ ఆమె ‘పెద్దపిల్ల వాళ్లమ్మ’, లేకపోతే ‘నైట్ షిఫ్టాయన భార్య’. పాట అందరికీ వచ్చు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

అందుకే ఈ పట్టింపు నాకు. చెల్లెలు కావడం, భార్య కావడం చిన్నతనం కాదు, అవి మన తియ్యటి వరసలే. కానీ వరస వెనక పేరు మునిగిపోకూడదు కదా! 2020లో బాలుగారు పోయాక ఆయన పాటలు మళ్లీమళ్లీ విన్నాం, కళ్లు తుడుచుకున్నాం. ఆ పాటల్లోనే ఆయన పక్కన ఈ గొంతూ ఉంది.

మధ్యాహ్నం వంటింటి పని తెమిలాక ఓ అరగంట మీకోసం పెట్టుకోండి. ఈ నాలుగు పాటలూ సన్నగా పెట్టుకుని వినండి. మీ అమ్మాయి “ఎవరమ్మా ఆ పాడేది?” అని అడిగితే, బాలుగారి చెల్లెలని తర్వాత చెప్పొచ్చు. ముందు శైలజ అని చెప్పండి. అలాగే మీ పక్క క్వార్టరావిడ పేరేమిటో కూడా ఓసారి కనుక్కోండి. ఏమంటారు?