డ్రాయింగులు ఎవరి చేతిలో

2025 అక్టోబర్ 6
వర్క్‌షాపు సర్వర్ మళ్ళీ వేడెక్కి ఆగింది. డ్రాయింగులు, స్టాకు లెక్కలు, బిల్లులు అన్నీ క్లౌడ్‌కి ఎక్కించాల్సిందేనని ఓనరు తేల్చేశారు. ఎవరి క్లౌడో తేల్చే పని నా నెత్తిన పడింది. అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్ అమ్మడానికి రాయ్‌పూర్ నుంచి వచ్చిన సేల్స్ కుర్రాడు ఏడాది క్రెడిట్లు ఉచితమంటున్నాడు.

అక్టోబర్ 8
రేపు మారదామంటే డేటా బయటికి తీసినందుకు గుండు కొడతారేమోనని ఓనరు భయం. లెక్క వేశాను. ఏడబ్ల్యూఎస్ ముంబైలో జీబీకి సుమారు 0.11 డాలర్లు. మా రెండు టీబీలకు ఇరవై వేల రూపాయలు దాటదు. పైగా 2024లో గూగుల్, ఆ వెనకే ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ పూర్తిగా వెళ్ళిపోయేవాళ్ళకి ఆ ఛార్జీ ఎత్తేశాయి. ఊరికే కాదు, ఐరోపా డేటా చట్టం తరుముకొచ్చింది.

అసలు పీటముడి కోడ్‌లో పడుతుంది. స్టాకు లెక్కలు ఏడబ్ల్యూఎస్ సొంత డేటాబేస్ డైనమోడీబీలో పెట్టి, బిల్లు పడినప్పుడల్లా వాళ్ళ లాంబ్డా ఫంక్షన్ నడిచేలా రాస్తే, మారిన రోజున సగం మళ్ళీ రాసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే డంప్ తీసి ఎక్కడైనా పోసుకోవచ్చు.

అక్టోబర్ 12, ఆదివారం
సెక్టార్-5 బాలాజీ గుడి దగ్గర శ్రీకాకుళం పెద్దాయన కలిశారు. భిలాయి స్టీల్ ప్లాంటు మెషీన్ షాపులో రిటైరైన మనిషి. నా గోల విని నవ్వారు. "మెషీన్లు రష్యావోడివి, డ్రాయింగులు రష్యావోడివి. స్పేరు రాకపోతే ఏటి సేస్తాం బాబూ? అరిగిన ముక్కనే కొలిచి, బొమ్మ గీసి, ఇక్కడే సేసుకున్నాం."

ఈ ప్లాంటుకి సోవియట్‌తో ఒప్పందం 1955లో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో. అదే కాలంలో రూర్కెలా జర్మన్లకి, దుర్గాపూర్ బ్రిటిష్‌వాళ్ళకి ఇచ్చారు. ఇప్పటి మాటలో మల్టీ క్లౌడ్! దేశానికి ముగ్గురు దొరికారు సరే, ఏ ప్లాంటుకి ఆ ప్లాంటు మాత్రం ఒక్కరికే కట్టుబడింది. మల్టీ క్లౌడ్ అని ఊదరగొట్టేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు.

అక్టోబర్ 15
మొన్న జూలైలో జరిగిన నయారా ఎనర్జీ కథ ఓనరుకి చెప్పాను. రష్యా రాస్‌నెఫ్ట్ వాటా ఉన్న కంపెనీ. ఐరోపా ఆంక్షలు పడ్డాక, డబ్బు కట్టిన లైసెన్సులున్నా మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకెక్కారు. కొద్దిరోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. "అయితే అన్నీ మనదగ్గరే పెట్టుకుందాం" అన్నారాయన. ఆ సర్వర్లోనా? భిలాయి మే నెలలోనా?

అక్టోబర్ 18
ఖాయమైంది. ఏడబ్ల్యూఎస్ ముంబై, పోస్ట్‌గ్రెస్. వారంలో మారిన ఫైళ్ళు శనివారం రాత్రి బీరువాలోని డిస్కుకి దిగుతాయి. క్రెడిట్లు పుచ్చుకున్నాం, లాంబ్డా వద్దన్నాం. కుర్రాడు కాస్త నొచ్చుకున్నాడు.

సాయంత్రం చూస్తే డ్రాయింగులన్నీ డీడబ్ల్యూజీలోనే ఉన్నాయి. అది ఆటోడెస్క్ వారి ఫార్మాట్. పీడీఎఫ్, స్టెప్ కాపీలు కూడా తీసిపెట్టమంటే, డిజైన్ సెక్షన్‌లో ఎవరికీ తీరిక లేదట.