వర్తూరు కోడి కాడ ఒక పూట

బెంగుళూరు నుంచి తిరిగొచ్చి నెల దాటింది. అశోక్ చౌక్ కాడ ఎవరు కలిసినా రెండే మాటలు అడుగుతున్నరు. "వదినె ఎట్లున్నది?" "పైసలెన్ని అయినై?" వదినె బాగనే ఉన్నది, ఆగకుండ మెట్లు ఎక్కుతున్నది. పైసలంటరా, ఆపరేషనుకు ఏం కాలేదు. కిరాయికి, తిండికి, తిరుగుళ్లకు అయినై. భిశీ ఎత్తి తీసుకపోయిన పైసలు అక్కడికక్కడికి సరిపోయినై.

పత్రికకు రాయుమంటే ఆసుపత్రి గురించే రాద్దామని కూర్చున్న. కాని కలం పడితే ఆఖరి రోజే కండ్ల ముందర తిరుగుతున్నది. అందుకని ఆసుపత్రి సంగతి ముందే నాలుగు ముక్కల్ల చెప్పి ఆ రోజు కాడికి వస్త.

మా ఇంటామెకు చిన్నతనంల కీళ్ల జ్వరం వచ్చి పోయిందట. పోయిందనుకున్న జ్వరం గుండె కవాటాన్ని పాడు చేసి పోయిందని యాభై ఏండ్లకు తెలిసింది. బీడీలు చేసుకుంట చేసుకుంట ఆయాసపడుతుంటే అందరం తంబాకు ఘాటు అనుకున్నం. వైట్‌ఫీల్డ్‌ల సత్యసాయి ఆసుపత్రిని 2001 జనవరిల తెరిచిండ్రు. గుండెకు, మెదడుకు ఆపరేషన్లు అక్కడ ఊరికెనే చేస్తరు. బిల్లు కట్టే కిటికీయే లేదు. పోవాలనుకునేటోళ్లు పాత రిపోర్టులన్నీ కట్ట కట్టుకొని, వంతు వచ్చేదాక ఆగటానికి మనసు గట్టి చేసుకొని పోవాలె.

ఇప్పుడు ఆమె గుండెల మిషిని కవాటం ఉన్నది. నెత్తురు గడ్డ కట్టకుండ రోజూ గోలి వేసుకోవాలె, బతికినంత కాలం. రక్తం పరీక్ష కూడా డాక్టరు చెప్పిన తారీఖుకు తప్పొద్దు. ఐఎన్ఆర్ అంటరు దాన్ని. వాళ్లు రాసిచ్చిన రెండు అంకెల నడుమ ఉండాలె. తక్కువైతే గడ్డ కడ్తది, ఎక్కువైతే నెత్తురు కారితే ఆగదు. ఆకుకూరలు మానొద్దన్నరు, కాని ఒకనాడు గంపెడు తిని నాలుగు రోజులు ముట్టకుండ ఉండొద్దు, రోజూ ఒకే లెక్కన తినాలె. వేరే నొప్పుల గోలీలు డాక్టరును అడగకుండ మింగొద్దు. మన గల్లీలల్ల ఇసొంటి కవాటం వేసుకున్నోళ్లు ఇంకా ఉన్నరు కాబట్టి ఇంత వివరంగ రాస్తున్న.

ఇంకో మాట. రాత్రి అంతా సద్దుమణిగినాక ఆ కవాటం చప్పుడు బయటికి వినబడ్తది. టిక్, టిక్. ముప్పై ఐదేండ్లు సాంచాల మోత విని నా చెవులు సగం పోయినై. పక్కింట్ల పెండ్లి బాజా మోగినా సరిగ్గ వినబడదు. ఇది మాత్రం వినబడ్తది.

వైట్‌ఫీల్డ్‌ల కిరాయిలు మనకు అందేటివి కావు. అందుకని ఆరేడు కిలోమీటర్ల దూరంల వర్తూరుల ఒక పాత ఇంటి వెనక రూము తీసుకున్నం. నాలుగు నెలలు ఉన్నం. చుట్టూ ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు లేచినై గాని, నడిమిల ఊరు ఊరు లెక్కనే ఉన్నది. చెన్నరాయస్వామి గుడి, ఇరుకు బజార్లు, అరుగుల మీద ముసలోళ్లు. పరాయి ఊరు, కన్నడం రాదు, ఎట్ల బతుకుతమో అనుకుంట దిగినం. దిగిన పూటనే ఇంటి పెద్దాయన "రాండప్పా, నీళ్లు తాగుతారా?" అన్నడు. వాళ్లది తరతరాలుగ అక్కడనే. ఇంట్ల మాట తెలుగు, బజార్ల మాట కన్నడం. కోలారు దిక్కు, హొసకోట దిక్కు ఇట్లాంటోళ్లు మస్తుమంది ఉన్నరట. మన తెలుగు వాళ్లకు వింత, వాళ్ల తెలుగు మనకు వింత. మా ఇంటామె "సాంచా" అంటే ఆ ఇంటి అక్క రెండు సార్లు అడిగింది. అక్క "ఈ పొద్దు" అంటే మా ఇంటామె పొద్దు చూసేటందుకు ఆకాశం దిక్కు చూసింది.

ఇగ ఆఖరి రోజు. ముందటి రోజే డాక్టరు చూసి, ఊరికి పోవచ్చన్నడు. రైలు రాత్రికి. సాయంత్రం నాలుగింటికి బయలెల్లుదామనుకున్నం. పొద్దంతా ఖాళీ.

నాకేమో బిన్నీ మిల్లు జాగా చూడాలని ఉండె. పెద్ద స్టేషన్ కాడనే ఉండేదట. 1884ల మొదలైన మిల్లు, మన సోలాపూర్ పాతమిల్లు కంటే ఏడేండ్లు చిన్నది. ఒకప్పుడు పోలీసోళ్ల ఖాకీ అంటే బిన్నీ ఖాకీయే. మిల్లోని కొడుకును, మిల్లుల చేసినోన్ని, ఇంత దూరమొచ్చి చూడకుండ ఎట్ల పోతనంటే, ఇంటి పెద్దాయన నవ్విండు. "యాడుందప్పా ఇంకా మిల్లు! ఆడ మాలు లేచింది, అపార్టుమెంట్లు లేచినాయి. చూసి ఏం చేస్తారు?" మన దగ్గర చిమ్నీలు చూసుకుంటనే ఉన్నం గద, ఇంకొకటి చూడకపోతే ఏమాయె అని నేనూ ఊరుకున్న.

అప్పుడు మా ఇంటామె అన్నది, "కోడి చూసొద్దాం" అని.

ఇది చెప్తే మీరు నవ్వుతరు. మొదటి నెల బస్సెక్కినప్పుడల్లా కండక్టరు "కోడి, కోడి, వర్తూరు కోడి" అని అరుస్తుంటే, ఇక్కడ కోళ్ల బజారు ఉన్నదేమో అనుకున్నది ఆమె. కోడి అంటే కన్నడంల మత్తడి. చెరువు నిండితే నీళ్లు దుంకే జాగా. నాలుగు నెలలు ఆ పేరు విన్నం గాని దిగి చూసింది లేదు. ఆసుపత్రి, రూము, రూము, ఆసుపత్రి.

బస్సుల పోయినం. కర్ణాటకల 2023 జూన్ నుంచి ఆడోళ్లకు బస్సు ఊరికెనే. బస్సుల ఉన్న ఆడోళ్లందరికీ సున్న టికెట్టే. కండక్టరు ఈమెను ఆధార్ అడిగిండు. అడ్రసు సోలాపూర్. ఈ రాష్ట్రపోళ్లకే అని పైసల టికెట్టు కొట్టిండు. మన మహారాష్ట్రల ఎస్టీ బస్సుకు ఆడోళ్లకు సగం టికెట్టు, అక్కడ తెలంగాణల ఊరికెనే, ఇక్కడ ఫుల్లు. "ఏ రాష్ట్రం దాన్నో నాకే తెల్వకుండ అయ్యింది" అని నవ్వింది.

బెంగుళూరుల బెళ్లందూరు చెరువు తర్వాత పెద్దది వర్తూరు చెరువే. నాలుగు వందల ఎకరాల పైన ఉంటది. నగరంల చాలా మురుగు బెళ్లందూరుల దిగి, అక్కడి నుంచి దీంట్లకు వస్తది. 2015ల ఈ మత్తడి కాడ నురగ మనిషెత్తు లేచి రోడ్డు మీద పడ్డది, టీవీలల్ల చూసే ఉంటరు. బెళ్లందూరుల అయితే 2017ల, 2018ల నీళ్ల మీదనే అగ్గి లేచింది. నురగెందుకో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. గుడ్డ ఉతికిన సబ్బు నీళ్లు పైనుంచి దుంకితే ఏమైతదో రంగు ఖానాల పనిచేసినోన్ని అడగాలె. సబ్బు పొడి, మోరీ మురుగు కలిసి చెరువుల మురిగి, మత్తడి కాడ ఒక్కసారి కిందికి పడితే గిలక్కొట్టినట్టయ్యి తెల్లగ పొంగుతది.

తర్వాత సర్కారు చెరువును ఎండబెట్టి పూడిక తీయించింది. మేము పోయిన రోజు నురగ అక్కడక్కడ, రేవుల ఉతికిన బట్టల నీళ్ల లెక్క ఉన్నది. వాసన మాత్రం ఉన్నది. ఇంటి పెద్దాయన చిన్నప్పుడు ఈ నీళ్లే తాగిండట, ఈ నీళ్లతోనే వరి వేసిండ్రట. నమ్మబుద్ది కాలేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఈ నీళ్లు ఏడికి పోతయని ఆమె అడిగింది. అది నాకు ముందే పెద్దాయన చెప్పిండు. దక్షిణ పినాకినిల కలిసి, హోసూరు దిక్కు నుంచి తమిళనాడుకు పోతయి. బెంగుళూరుకు ఉత్తరాన నంది కొండలున్నై గద, అక్కడ రెండు పినాకినులు పుడతయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్ననే. అది హిందూపురం, అనంతపురం జిల్లా, కడప మీదుగ నెల్లూరు పోయి సముద్రంల కలుస్తది. రెండోది అరవదేశం దారి పట్టింది. "ఒక్క కడుపుల పుట్టి ఒకటి మన దిక్కు, ఒకటి అటు. మురికంతా దీని మీద పడ్డది, పాపం" అన్నది.

అక్కడ కట్ట మీద రాయి చూసుకొని కూర్చున్నం. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"నా కార్డు మీద కోడలు బీడీలు చేస్తున్నదట గద?"

పొద్దున గల్లీలామె ఎవరో ఫోను చేసి చెప్పిందట. నేను తల వంచుకున్న. నాకు రెండు నెలల కిందనే తెలుసు. కొడుకు చెప్పిండు. సాంచాలు వారంల మూడు రోజులే నడుస్తున్నై, అమ్మ కార్డు ఊరికెనే పోతది, కంపెనీల వేరే వాళ్లకు ఇస్తరు, పిల్ల చేస్తనంటున్నది అన్నడు. సరే అన్న. మందులకు పైసలు కావాలె గద. ఈమెకు చెప్తే మనసు కష్టపెట్టుకుంటదని చెప్పలేదు.

"నాకు చెప్పకపోతివి" అన్నది.

"నీ పానం ఎట్లున్నదో తెల్వని రోజులవి."

"మరి నేను కూడ నీకు ఒకటి చెప్పలేదు. పిల్లకు మూడో నెల."

కోడలు ఆమెకే ఫోన్ల చెప్పిందట, మామకు ఇప్పుడే చెప్పకు, మూడు నెలలు నిండినాక చెప్పుదామన్నదట. ఆమెకు తెలిసింది నాకు తెల్వదు, నాకు తెలిసింది ఆమెకు తెల్వదు. ఒక్క రూముల, ఒక్క చాప మీద నాలుగు నెలలు పండుకున్నం. ఆమె గుండె చప్పుడు వింటుంటిని గాని ఇది వినబడలేదు.

ఆమె పన్నెండేండ్ల పిల్లగ ఉన్నప్పటి నుంచి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టింది. ఇద్దరు పిల్లలు కడుపుల ఉన్నప్పుడు కూడ చుట్టింది. అప్పుడు ఎవరం ఏం అనలేదు. మా అమ్మ అనలేదు, నేను అనలేదు. ఆ తంబాకు పొడి ముక్కులకు పోతదని, చేతుల నుంచి ఒంట్లకు దిగుతదని, కడుపుల పిల్లకు మంచిది కాదని ఆసుపత్రిల గోడ కాడ కూర్చున్నప్పుడు ఒక నర్సమ్మ చెప్తే విన్నం. అదే ఇప్పుడు కోడలి ఒళ్లో ఉన్నది.

"ఫోను చెయ్యి" అన్నది. "మందుల పైసలు ఎట్ల?" అన్న. నోట్ల నుంచి వచ్చినాక సిగ్గనిపించింది. ఆమె కొంగుముడి విప్పింది. ఇంటి అక్క వాళ్లు పూలు కడుతరు. సేవంతులు, కనకాంబరాలు కిలోల లెక్క తెచ్చి మూర కొలిచి ఇస్తరు. ఈమె కోలుకుంటున్న రెండు నెలల్ల పక్కన కూర్చొని నేర్చుకున్నది. బీడీ దారం చుట్టిన వేళ్లు, పూల దారానికి ఎంత సేపు? వాళ్ల కంటే ముందే మూర తీస్తుండె. అక్క మూరకింత అని లెక్క కట్టి ఇచ్చిన పైసలు రెండు వేల చిల్లర ఉన్నై. నాకు తెల్వకుండ దాచింది. ఇది మూడో దాపరికం అన్న. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది.

కట్ట మీద నుంచే కొడుక్కు ఫోను చేసినం. వాడు మొదలు గొణిగిండు. "చాట పైకి ఎక్కియ్యి. కార్డు పోతే పోనీ" అని ఆమే మాట్లాడింది. గట్టిగ మాట్లాడితే ఆయాసం రాలేదు. నాలుగు నెలల్ల మొదటిసారి చూసిన. కార్డు పోతే పీఎఫ్ ఏమైతదో యూనియన్ల అడగాలె అని నా మనసుల ఉన్నది. అది ఇంకా తేలలేదు. ఇక్కడ పూల పని కూడ అనుకున్నంత లేదు. పండుగలప్పుడు ఉంటది, ఉత్త రోజుల్ల రెండు మూరలు కూడ అమ్ముడుపోవు. నేను రెండో షిఫ్టుకు కూడ పోతున్న. కోడలికి ఐదో నెల వస్తున్నది.

తిరిగొచ్చి మూటలు కట్టినం. ఇంటి అక్క జొన్నరొట్టెలు చేసి పెట్టింది, మనకు అవి ఇష్టమని అడిగి తెలుసుకొని. సోలాపూర్‌కు జొన్నరొట్టెలు మోసుకపోవుడు ఏందో! కాదనలేక తీసుకున్నం. నేను తెచ్చుకున్న సోలాపూర్ చద్దరు ఒకటి పెద్దాయనకు కప్పిన. "ఇది నీ చేత్తో నేసిందేనా అప్పా?" అని అంచు తిప్పి తిప్పి చూసిండు. ఇదే కాదు గాని ఇసొంటివి వేలు తీసిన అని చెప్పిన.

ఆటోల మెట్రో దాక పోయి, అక్కడి నుంచి సీదా పెద్ద స్టేషన్ కాడ దిగినం. 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ మెట్రో అక్కడి దాక కలిసింది కాబట్టి ట్రాఫిక్‌ల చిక్కే పని లేదు. పేషెంట్లను తీసుకపోయేటోళ్లు ఇది గుర్తు పెట్టుకోండ్రి.

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌ రాత్రంతా తెలుగు నేల మీదనే పోతది. హిందూపురం, ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు. హిందూపురం వచ్చినప్పుడు ఆమె కిటికీకి చెయ్యి అడ్డం పెట్టుకొని బయటికి చూసింది. పెన్న కనబడ్తదేమోనని. చీకటి. ఏం కనబడలేదు.

కలబురగి కాడ చాయ్ కోసం లేచిన. తెల్లారింది. ఆమె అప్పటికే లేచి కూర్చున్నది. వచ్చేటప్పుడు ఇంటి అక్క ఇచ్చిన తడిబట్ట మూట ఒళ్లో విప్పుకొని, కనకాంబరాలు కడుతున్నది. పై బెర్తు పిల్ల కిందికి వంగి చూస్తున్నది. ఒక మూర తెంపి ఆ పిల్లకు ఇచ్చి, మళ్ల దారం వేలికి చుట్టుకున్నది.